ఆరు నెలల సావాసం



దసరా సెలవులకి మా అక్క కొడుకు విశాఖపట్నం నుంచి కాశీబుగ్గలో మా ఇంటికి వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటే పన్నెండు దాటినా లేవడు. ఏదో ఫుట్‌బాల్ ఆట అన్నాడు. నేను పలాస, టెక్కలి, మందస చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి. పిల్లలకి డ్రిల్లు మాస్టార్ని. ఆట అన్న మాట వినబడితే చాలు, లేచి వెళ్లి చూడకుండా ఉండలేను. తీరా చూస్తే తెర మీద బంతి లేదు, మైదానం లేదు. వరసగా పేర్లు, వాటి పక్కన అంకెలు.

"ఇదేటిరా, ఆట అన్నావు. బంతేదీ?" అన్నాను.

"ఇది ఆడే ఆట కాదు మావయ్యా, ఆడించే ఆట" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టేసింది. నా ఉద్యోగం అంతా అదే కదా. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ వారం రోజులూ వాడు ఆడించడం, నేను అడగడం.

ఈ ఆట పేరు ఫుట్‌బాల్ మేనేజర్. ఇంగ్లండులో పాల్ కాలియర్, ఆలివర్ కాలియర్ అనే అన్నదమ్ములు మొదలుపెట్టారు. 1992లో మొదటిసారి బయటికొచ్చినప్పుడు దాని పేరు ఛాంపియన్‌షిప్ మేనేజర్. ఇందులో మనం బంతి తన్నం. ఒక క్లబ్బుకి మేనేజరుగా కూర్చుంటాం. ఎవణ్ణి కొనాలి, ఎవణ్ణి వదులుకోవాలి, ఎవరికి ఏ సాధన పెట్టాలి, శనివారం మ్యాచ్‌కి ఏ పదకొండు మందిని దింపాలి, అన్నీ మనమే తేల్చాలి. ప్రతి ఆటగాడికీ ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలుంటాయి. పాస్ ఇవ్వడానికొకటి, తలతో కొట్టడానికొకటి, పరుగుకొకటి. ఇవి కంటికి కనిపించేవి. కనిపించనివి మరికొన్ని లోపల దాగి ఉంటాయి. పని మీద శ్రద్ధ ఎంత, పైకి రావాలన్న ఆశ ఎంత, ఒత్తిడికి తట్టుకుంటాడా, కోపం ఎంత తొందరగా వస్తుంది. వీటి అంకెలు మనకి చూపించరు. వాటన్నిటినీ కలిపి ఆటగాడి గుణం గురించి ఒకటి రెండు మాటలు మాత్రం రాస్తారు. ఇతను పట్టుదల మనిషి అనో, అతను నిర్లక్ష్యం మనిషి అనో. మిగతాది మనమే ఊహించుకోవాలి. బడిలోనూ అంతే. వంద మీటర్లు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడో గడియారం చెబుతుంది. రేపు వర్షం పడితే సాధనకొస్తాడో రాడో ఏ గడియారమూ చెప్పదు.

మా వాడి జట్టులో పదిహేడేళ్ల కుర్రాడొకడున్నాడు. అంకెలు చూస్తే ముచ్చటేసింది. "ఈ గుంటడికి కాళ్లలో అన్నీ ఉన్నాయి మావయ్యా. బుద్ధే కుదరడం లేదు" అన్నాడు. మరేం చేస్తావని అడిగాను. "పెద్దోళ్లతో కూర్చోబెడతాను" అన్నాడు.

ఈ కూర్చోబెట్టడానికే ఆటలో మెంటరింగ్ అని పేరు. వెనకటి ఏళ్లలో ఒక పెద్దవాడికి ఒక చిన్నవాణ్ణి అప్పగించేవారట. మన గురుశిష్యుల పద్ధతే అనుకోండి. ఇద్దరికీ పొసగకపోతే అక్కడితో ఆ వ్యవహారం చెడిపోయేది. ఇప్పుడున్న పద్ధతి 2018 నవంబరులో వచ్చిన ఆటతో మొదలైంది. ఆ నవంబరు మనకెలా గడిచిందో మా పలాస చుట్టుపక్కల ఉద్దానం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి, పనస అని చూడకుండా పడగొట్టేసింది. లోకంలో కొందరు కొత్త ఆట మొదలుపెట్టుకున్న ఆ నెలలో మనం పడిపోయిన చెట్లు లెక్కపెట్టుకుంటున్నాం.

కొత్త పద్ధతిలో గురువు లేడు, శిష్యుడు లేడు. కనీసం ముగ్గురిని ఒక గుంపుగా చేస్తారు. అంతే. ఎవరి ప్రభావం ఎవరి మీద పడుతుందన్నది గుంపులో ఎవరి మాట చెల్లుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. వయసు, ఆడిన మ్యాచ్‌లు, క్లబ్బులో ఎంతకాలంగా ఉన్నాడు, తోటివాళ్లలో పలుకుబడి ఎంత, ఇవన్నీ కలిసి ఆ బరువు తేలుస్తాయి. ఒకరితో ఒకరికి చనువుంటే పని ఇంకా తొందరగా అవుతుంది. నెలల తరబడి మెల్లగా సాగుతుంది. ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించిందేమిటంటే, ఈ సావాసం వల్ల పాస్ అంకె పెరగదు, పరుగు పెరగదు. వాటికి కోచ్‌లున్నారు, సాధన ఉంది. పెద్దవాడి నుంచి చిన్నవాడికి వచ్చేది గుణం, ఆ గుణంతో పాటు మైదానంలో అతనికున్న కొన్ని అలవాట్లు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ సామెత తెలియని ఊళ్లో, మంచు కురిసే దేశంలో కూర్చుని, అదే సంగతిని అంకెల్లో రాసుకున్నారు వీళ్లు.

ఇంకో మాట. వచ్చేది మంచే అని ఏమీ లేదు. గుంపులో పలుకుబడి ఉన్నవాడు బద్ధకస్తుడైతే ఆ బద్ధకమే దిగుతుంది. అలవాట్ల జాబితా మా వాడు చదువుతుంటే విన్నాను. దూరం నుంచి గోలు కొట్టడం, అంచు నుంచి లోపలికి దూసుకురావడం, అలా చదువుకుంటూ వెళ్లి "రిఫరీతో వాదించడం" అన్నాడు. అది కూడా ఒక అలవాటుగా ఆ జాబితాలో ఉంది.

ఆ మాట దగ్గర నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఇరవై ఏళ్ల కిందటి సంగతి. అప్పుడు నేను పనిచేసే బడి పేరు వద్దులెండి. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రాడుండేవాడు. కబడ్డీలో కూతకి వెళ్లాడంటే చేపపిల్లే, ఎవరి చేతికీ దొరికేవాడు కాదు. పట్టు పట్టడం మాత్రం రాదు. పదో తరగతి జట్టు కెప్టెన్ చీలమండ పట్టులో ఆ మండలంలోనే పేరున్నవాడు. వాళ్లతో కలిపేస్తే పట్టు నేర్చుకుంటాడు కదా అని వీణ్ణి తీసుకెళ్లి పెద్దవాళ్ల జట్టులో వేశాను. ఆ కెప్టెన్‌కి ఒక గుణం ఉంది. గీత తొక్కావని రిఫరీ అంటే ఒప్పుకోడు. ప్రతి పాయింటుకీ చేతులు తిప్పుకుంటూ మీదికి వెళతాడు. అది నాకు తెలుసు. పెద్ద పట్టించుకోలేదు. మూడు నెలలయ్యేసరికి మా కుర్రాడికి పట్టు ఓ మాదిరిగా వచ్చింది. వాదన మాత్రం పూర్తిగా వచ్చింది. ఆ చేతులు తిప్పడం కూడా అచ్చు అతనిదే. జోన్ పోటీల్లో గట్టిగా నోరు పారేసుకుంటే వాణ్ణి బయటికి పంపించేశారు. తరవాత ఏడాది ఆటలకే రాలేదు. తప్పు వాడిది కాదు. ఎవరి పక్కన కూర్చోబెట్టానో చూసుకోవలసింది నేను. పట్టు నేర్పించడానికి నేనున్నాను, గంట ముందు రమ్మని నేర్పించవచ్చు. గుణం నేను నేర్పించలేను. అది పక్కవాడి నుంచి అంటుకోవలసిందే. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు.

అంటుకోవడం అన్నాను. దాన్ని నేను కళ్లారా చూసింది ఆటస్థలంలో కూడా కాదు, మా పలాసలో జీడిపప్పు పరిశ్రమలో. తెలిసినవాళ్ల పని మీద వెళ్లి ఒక పూట అక్కడ కూర్చున్నాను. పిక్క పగలగొట్టి పప్పు తీసే చోట ఆడవాళ్లు బారుగా కూర్చుని ఉన్నారు. కొత్తగా చేరిన పిల్ల ఒకతె. ఆమెని ఇద్దరు పాతవాళ్ల మధ్య కూర్చోబెట్టారు. పాఠం చెప్పేవాళ్లెవరూ లేరు. ఆ పిల్ల పొడి చేత్తో పిక్క తీసుకోబోతే పక్కనున్న పెద్దావిడ, "ఓలమ్మీ, నూనె రాసుకోకుండా ముట్టకు. సెయ్యి కాలిపోద్ది" అంది. జీడిపిక్క తొక్కలో ఉండే రసం చర్మాన్ని తినేస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాళ్ల వేళ్లు చూస్తే మీకు తెలుస్తుంది. సరే, అది పని నేర్పడం.

కాసేపటికి ఆ పిల్ల చేతిలో ఒక పప్పు రెండు ముక్కలైంది. గుండు పప్పు ధర వేరు, బద్ద ధర వేరు, ముక్క ధర వేరు. గుండులో కూడా మళ్లీ నంబర్లుంటాయి. 240 నంబరంటే పౌను తూకానికి 240కి మించకుండా తూగే పెద్ద పప్పు, 320 అంటే అంతకన్నా చిన్నది. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, విరిగిన బద్దల్ని గుండు పప్పు కిందకి తోసేయబోయింది. పెద్దావిడ తిట్టలేదు. తల కూడా ఎత్తలేదు. చెయ్యి చాపి ఆ రెండు బద్దల్నీ తీసి పక్కన విరిగినవి వేసే పళ్లెంలో వేసి, మళ్లీ తన పిక్క తను పగలగొట్టుకుంటోంది. ఇంకో అరగంటకి మరో పప్పు విరిగింది. ఈసారి ఆ పిల్లే తీసి ఆ పళ్లెంలో వేసింది. ఎవరూ చూడడం లేదు, నేను తప్ప.

మన జిల్లాలో ఆటల మాటకొస్తే మొదట చెప్పుకునే పేరు కరణం మల్లీశ్వరి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. 2000 సంవత్సరం సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. అంతకుముందే 1994లో, 1995లో ప్రపంచ విజేత. అందరికీ గుర్తున్నది ఇదే. నాకు మాత్రం ఆ ఇల్లు గుర్తొస్తుంది. తండ్రి కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడినవాడు. తోడబుట్టిన వాళ్లు కూడా బరువులు ఎత్తినవారే. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర పన్నెండేళ్ల వయసులో మొదలుపెట్టిందంటారు. బరువెలా ఎత్తాలో అప్పన్న గారు నేర్పారు. పొద్దున్నే లేవడం, నొప్పి పెట్టినా మర్నాడు వెళ్లడం, ఆడపిల్లకి ఇదేం ఆట అన్న మాటలు విని కూడా వినిపించుకోకపోవడం, వీటికి వేరే శిక్షకుడు అక్కర్లేని ఇల్లు అది. మా వాడి ఆట భాషలో చెప్పాలంటే ముగ్గురికి మించిన గుంపు ఒకే కప్పు కింద తయారై ఉంది.

ఫుట్‌బాల్‌కే వద్దాం. మన తెలుగు నేల మీద ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్, హైదరాబాద్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేసినవాడు. ఆ మాట చెప్పుకుంటే నాకు గర్వం. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుని నడిపాడు. భారత జట్టుకి 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారు. ఆ మెల్‌బోర్న్ జట్టుని ఒకసారి చూడండి. అంతకు నాలుగేళ్ల ముందే హెల్సింకీలో ఆడి వచ్చిన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ అందులో ఉన్నారు. ఇద్దరూ హైదరాబాద్ వాళ్లు. వాళ్ల మధ్యకి సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి అప్పుడే ఇరవై నిండిన తులసీదాస్ బలరాం వచ్చాడు. ఆ తరవాత 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. బలరాం కాళ్లలో ఉన్నది దేవుడిచ్చింది, రహీం సానపట్టింది. దానికి తోడు, ఓడినా గెలిచినా ఎలా ఉండాలో తెలిసిన పెద్దవాళ్లు అదే గదిలో బూట్లు విప్పుకుంటూ కూర్చున్నారు. ఆ భాగం ఏ రికార్డులోనూ కనిపించదు. అది లేకుండా మిగతాది జరిగేది కాదని నా నమ్మకం.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి చెబుతాను.

మా వాణ్ణి అడిగాను. పెద్దవాళ్లు దొరక్కపోతే ముగ్గురు కుర్రాళ్లనే ఒక గుంపు చేస్తే? "దాదాపు ఏమీ జరగదు మావయ్యా. ఎవడి మాటా ఎవడికీ ఎక్కదు" అన్నాడు. అందుకని వాడేం చేశాడంటే, ముప్పై నాలుగేళ్ల ఆటగాణ్ణి ఒకణ్ణి కొన్నాడు. పరుగు లేదు, మోకాళ్లు అయిపోయాయి. గుణం మాత్రం మేలిమి. "వీణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి గుంపులో వేసేస్తే సరిపోతుందా?" అంటే, చాలదన్నాడు. అప్పుడప్పుడైనా మ్యాచ్‌లో దింపాలట. అసలు ఆడని పెద్దవాడి పలుకుబడి తగ్గిపోతుంది. పలుకుబడి తగ్గితే అతని గుణం ఎంత గొప్పదైనా ఎవరికీ అంటదు.

ఇప్పుడు మన ఉద్దానం ఊళ్లని తలచుకోండి. ముప్పై నాలుగేళ్లవాడు ఊళ్లో ఎక్కడున్నాడు? వజ్రపుకొత్తూరు తీరంలో వేటకెళ్లే వాళ్లు గుజరాత్‌లో వెరావల్ పడవల మీద ఉన్నారు. మిగతావాళ్లు హైదరాబాద్, చెన్నై, గల్ఫ్, ఎక్కడ భవనం లేస్తుంటే అక్కడ. కొందరు సైన్యంలో. సంక్రాంతికి పలాస స్టేషన్‌లో దిగినప్పుడు ఊరు నిండుతుంది, కనుమ అయ్యాక మళ్లీ ఖాళీ. పదహారు, పదిహేడేళ్ల పిల్లలకి రోజూ కనిపించే పెద్దవాడు పందొమ్మిదేళ్లవాడు. ప్రతిభ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ముప్పై ఏళ్లు చూశాను. ఇసుకలో పరిగెత్తి పెరిగిన పిల్లల కాళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఆ పిల్లల గుంపులో కూర్చోవలసిన మూడో మనిషి వలస పోయాడు. మైదానాలు కావాలి, కిట్లు కావాలి, కోచ్‌లు కావాలి అని మనం అర్జీలు పెడతాం. పెట్టాలి కూడా. ఈ మూడో మనిషి గురించి మాత్రం ఏ అర్జీలోనూ రాయలేం.

వారం తిరిగేసరికి మా వాడి ఆటలో రెండు సీజన్లు గడిచిపోయాయి. పదిహేడేళ్ల కుర్రాడికి పందొమ్మిది వచ్చాయి, గుణం పక్కన రాసే మాట మారింది. ఇక్కడ అలా కాదు. తిత్లీ తరవాత పాతిన కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఒక్కొక్క రోజుగానే గడపాలి.

ఒక రోజు తెల్లారకముందే మా వాణ్ణి లేపి అక్కుపల్లి రోడ్డుకి తీసుకెళ్లాను. అక్కడ ఆర్మీ ర్యాలీకి తయారయ్యే పిల్లలు పరిగెత్తుతారు. 1.6 కిలోమీటర్ల పరుగు, నిమిషాలు సెకన్లలో తేలిపోయే జీవితాలు. ఆ నెల వాళ్లతో పాటు సెలవు మీద వచ్చిన జవాను ఒకడున్నాడు. ముప్పై దాటి ఉంటాయి. మేం వెళ్లేసరికి అతను రోడ్డు వారన చెప్పులు విప్పి, రెండూ సమానంగా పెట్టి, చొక్కా మడిచి వాటి మీద పెడుతున్నాడు. పిల్లలు పదకొండు మంది. పదకొండు జతల చెప్పులూ అతని చెప్పుల పక్కన ఒకే వరసలో, ముందు కొసలు సమంగా ఉన్నాయి. అలా పెట్టమని చెప్పావా అని జవానుని అడిగాను. "నేనేటీ చెప్పలేదు మాస్టారూ. మూడో రోజు నుంచీ ఆళ్లే పెడతన్నారు" అన్నాడు. పరుగు మొదలయ్యాక అతను ముందు లేడు. ఆఖరున ఉన్న సన్నపాటి కుర్రాడి పక్కన, వాడి అడుగుకి అడుగు కలిపి పరిగెత్తాడు. మాట్లాడలేదు. మా వాడు ఫోన్ తీయడం మర్చిపోయి చూస్తూ నిలబడ్డాడు.

సెలవు అయిపోయి జవాను వెళ్లిపోయాడు. మా వాడూ విశాఖ వెళ్లిపోయాడు. పది రోజులాగి నేనొక్కణ్ణే మళ్లీ వెళ్లాను. పదకొండు మందీ వచ్చారు. చెప్పులు తొమ్మిది జతలు వరసలో ఉన్నాయి. రెండు జతలు ఎక్కడ విప్పితే అక్కడ, ఒకటి బోర్లా పడి ఉంది. పిల్లలు బయలుదేరబోతున్నారు. అంతకుముందు ఆఖరున పరిగెత్తిన ఆ సన్నపాటి కుర్రాడు వెనక్కి వచ్చి, ఆ రెండు జతలూ తీసి దుమ్ము దులిపి వరస చివర పెట్టాడు. ఎవరివో అడగలేదు. పరిగెత్తుకుంటూ వెళ్లి వాళ్లలో కలిసిపోయాడు.